లాక్ చేర్చితే రేస్ పోయినట్టేనా?

ఆపరేటింగ్ సిస్టమ్ మూలభాగమైన కెర్నెల్‌లో రేస్ కండిషన్ (ఒకే డేటాను ఇద్దరు ముట్టుకుంటే, ఎవరు ముందన్నదాన్ని బట్టి ఫలితం మారే బగ్) ఉందని తేలగానే చాలామంది ముందు చేసే పని ఒక మ్యూటెక్స్ (ఒకసారి ఒకరినే లోపలికి వదిలే లాక్) చేర్చడం. రాత్రంతా టెస్ట్ నడుపుతారు, క్రాష్ రాదు, ప్యాచ్ పంపేస్తారు. ఆ మ్యూటెక్స్ చేసింది టైమింగ్‌ను కాస్త జరపడం మాత్రమే కావచ్చు. ఏ డేటాను ఎవరు ఏ నియమం కింద ముట్టుకోవాలో ప్యాచ్ వివరణలో రాయలేకపోతే, బగ్ ఇంకా అక్కడే ఉందనుకోవడం మేలు.

2016 అక్టోబరులో లినక్స్‌లో సరిచేసిన డర్టీ కౌ అనే భద్రతా లోపం సంగతే చూడండి. చదవడానికి మాత్రమే అనుమతి ఉన్న ఫైల్‌ను ప్రైవేట్‌గా మ్యాప్ చేసి (అంటే రాతలు సొంత కాపీలోనే పడేలా మెమరీలోకి తెచ్చి), ఒక థ్రెడ్ (ప్రోగ్రామ్‌లో సమాంతరంగా నడిచే పాయ) ప్రాసెస్ మెమరీని ఫైల్‌లా చూపే ప్రాక్ ఫైల్‌సిస్టమ్‌లోని మెమ్ ఫైల్ ద్వారా అందులో రాస్తుంది. కెర్నెల్ ఆ పేజీకి (మెమరీ ముక్కకు) కాపీ తీసి, ఆ పని అయిందనడానికి గుర్తుగా, రాయడానికే వచ్చామని చెప్పే రైట్ ఫ్లాగ్‌ను తీసేసేది. సరిగ్గా అప్పుడు రెండో థ్రెడ్, ఈ మెమరీ ఇక అక్కర్లేదని కెర్నెల్‌కు చెప్పే మ్యాడ్వైజ్ కాల్‌తో ఆ కాపీని పారేయిస్తే, కెర్నెల్ మళ్లీ పేజీ కోసం వెతుకుతుంది. ఈసారి రైట్ ఫ్లాగ్ లేదు కాబట్టి అసలు ఫైల్ పేజీయే చేతికొస్తుంది, రాత అందులో పడుతుంది. ఇక్కడ లోపించింది లాక్ కాదు. ఒకే ఫ్లాగ్‌తో రెండు విషయాలు చెప్పించడం అసలు తప్పు. అందుకే మరమ్మతులో రైట్ ఫ్లాగ్‌ను అలాగే ఉంచి, కాపీ అయిందని చెప్పే వేరే ఫ్లాగ్ పెట్టారు. దానికి తోడు పేజీ డర్టీ బిట్‌ను (పేజీలో రాత జరిగిందని చెప్పే గుర్తును) చూశారు. ఇదే బగ్‌ను 2005లో లినక్స్ సృష్టికర్త లైనస్ టోర్వాల్డ్స్ ఒకసారి సరిచేశారు. ఐబీఎమ్ మెయిన్‌ఫ్రేమ్‌లైన ఎస్390 మెషిన్లలో ఇబ్బంది వచ్చి దాన్ని వెనక్కి తీసుకున్నారు. 2016 ప్యాచ్ కూడా హ్యూజ్ పేజీల (మామూలు కన్నా చాలా పెద్ద పేజీల) దగ్గర తప్పింది: అక్కడ కాపీ తీయకుండానే డర్టీ బిట్ పడే దారి ఉందని 2017లో బయటపడింది.

రోజూ ఎదురయ్యేవి ఇంత చిత్రమైనవి కావు. లిస్ట్‌లో ఆబ్జెక్ట్‌ను వెతికి, లాక్ వదిలేశాక దాని రిఫరెన్స్ కౌంట్ (ఎంతమంది వాడుతున్నారో చెప్పే లెక్క) పెంచడం చాలా డ్రైవర్లలో కనిపించే పొరపాటు. ఆ సందులో ఇంకొకరు దాన్ని ఫ్రీ చేసేస్తారు. కౌంట్ అటామిక్ (మధ్యలో ఎవరూ దూరకుండా ఒకే అడుగులో మారేది) అయినంత మాత్రాన పాయింటర్‌కు రక్షణ ఉండదు. లాక్ పట్టుకుని ఉండగానే, లేదా ఆర్‌సీయూ (లాక్ లేకుండా చదవనిచ్చే కెర్నెల్ పద్ధతి) రీడ్ సెక్షన్‌లోనే, సున్నా కాకపోతేనే కౌంట్ పెంచాలి. ఆర్‌సీయూ దారి ఎంచుకుంటే మెమరీని గ్రేస్ పీరియడ్ (అప్పటికే చదువుతున్నవాళ్లంతా ముగించే వరకు ఆగే గడువు) దాటాకే విడవాలి.

డ్రైవర్‌ను తొలగించేటప్పుడు వరుసే ముఖ్యం. ముందు కొత్తవాళ్లెవరికీ డివైస్ దొరకకుండా చేయాలి, తర్వాత ఇంటరప్ట్ (హార్డ్‌వేర్ నుంచి వచ్చే పిలుపు), ఆపైన టైమర్, వర్క్ (తర్వాత నడపడానికి వరుసలో పెట్టిన పని) ఆపాలి. ఫ్రీ చేయడం చిట్టచివర. టైమర్, వర్క్ ఒకదాన్నొకటి లేపుతుంటే మామూలు డిలీట్ చాలదు. లినక్స్ 6.2 వెర్షన్‌లో వచ్చిన, టైమర్‌ను ఆపి మళ్లీ మొదలవకుండా చేసే టైమర్ షట్‌డౌన్ సింక్ దీనికోసమే. వర్క్ ఫంక్షన్ తీసుకునే లాక్‌నే పట్టుకుని దాని రద్దు కోసం ఎదురుచూస్తే మాత్రం డెడ్‌లాక్ (ఒకరి కోసం ఒకరు ఎదురుచూస్తూ ఇద్దరూ ఆగిపోవడం) ఖాయం.

డేటా రేస్‌లను పట్టే సాధనమైన కేసీశాన్ హెచ్చరించిన ప్రతి చోటా రీడ్ వన్స్ (విలువను ఒక్కసారే చదవమని కంపైలర్‌కు చెప్పే మాక్రో) తగిలించే అలవాటు మరీ ప్రమాదం. అది కంపైలర్‌ను కట్టడి చేస్తుంది, చూడటానికీ వాడటానికీ మధ్య ఉన్న సందును మూయదు. హెచ్చరిక మాత్రం మాయమవుతుంది.

పరీక్షకు ఒక మొరటు పద్ధతి బాగా పనికొస్తుంది. అనుమానమున్న సందులో కొన్ని మిల్లీసెకన్ల ఎమ్‌డిలే (కావాలని ఆలస్యం చేసే కాల్) పెట్టండి. అరుదైన క్రాష్ దాదాపు ప్రతిసారీ వస్తుంది. ప్యాచ్ వేశాక కూడా ఆ డిలేను ఉంచి, లాక్ తప్పులను పట్టే లాక్‌డెప్, మెమరీ తప్పులను పట్టే కసాన్ ఆన్ చేసి మళ్లీ నడపండి. అప్పుడూ క్రాష్ వస్తే మీరు సందును ఇరుకు చేశారంతే. రాకపోతే డిలే తీసేసి ప్యాచ్ పంపవచ్చు.