ఈసారి మన నాటిక ముందు మనూళ్ళో పడాలి, తర్వాతే పరిషత్తులు

నిన్న రాత్రి మా నాటక సమాజం మీటింగులో కాస్త గట్టిగానే మాట్లాడాను, అయినా చెప్పాలనుకున్న దాంట్లో సగమే చెప్పగలిగాను. మిగతాది ఇక్కడ రాస్తున్నా, మనవాళ్ళందరూ చదవాలి.

ప్రతి ఆషాఢంలో ఇదే తంతు. వచ్చే ఏడాదికి ఏం వేద్దాం అని కూర్చుంటాం, వెంటనే ఎవరో ఒకరు "పరిషత్తుల్లో (అంటే ఊరూరా జరిగే నాటిక పోటీల్లో) కొట్టే నాటిక కావాలి" అంటారు, ఆ తర్వాత ప్రశ్న "లేడీస్ ఎంతమంది?". ఒక్కరే అన్నామంటే స్క్రిప్టు పాసయిపోయినట్టే. కథేంటి, మనూరి జనానికి అది పడుతుందా, మనలో ఎవరు ఏ పాత్రకి సరిపోతారు, ఇవన్నీ ఆ తర్వాతే. సంక్రాంతి దాటాక వ్యాన్లో సెట్టు వేసుకుని మే నెల దాకా ఊరూరా తిరుగుతాం, మెమెంటోలు తెచ్చి బీరువా మీద పెడతాం. మా సందు చివర కిరాణా కొట్టాయన మొన్న అడిగాడు, "మీరు నాటకాలేస్తారంట కదా, ఎక్కడేస్తారు బాబూ?" అని. 16 ఏళ్ళ నుంచి వేస్తున్నా. ఆయన కొట్టుకీ మనం రిహార్సల్ చేసుకునే మేడకీ మధ్య నాలుగిళ్ళు. ఆ మాటకి రాత్రంతా నిద్ర పట్టలేదు.

మనది తెనాలి అండీ. 1929లో ఆంధ్ర నాటక కళా పరిషత్తు పుట్టిన ఊరు. ఇక్కడి రామవిలాస సభ నాటకాల్లో స్థానం నరసింహారావు గారు సత్యభామగా నిలబడితే జనం ఊగిపోయేవాళ్ళు, ఆడవేషాలు కట్టిన ఆ నటుడికి 1956లో పద్మశ్రీ వచ్చింది. అప్పట్లో స్టేజీ ఎక్కే ఆడవాళ్ళు బాగా తక్కువ కాబట్టి మగవాళ్ళు వేశారు గానీ పాత్ర మాత్రం నిండుగా ఉండేది. ఇప్పుడు వేసే ఆడవాళ్ళున్నారు, పాత్రే లేదు. ఒక తల్లో, ఒక కోడలో, నాలుగు సీన్లలో ఏడుపు, అంతే. రచయితల్ని అనను. ముగ్గురు ఆడవాళ్ళుంటే మనలాంటి సమాజాలు ముట్టుకోవని తెలిసే వాళ్ళు అలా రాస్తున్నారు.

ఖర్చు సంగతి నాకూ తెలుసు. బయటూరి నుంచి పిలిపించే లేడీ ఆర్టిస్టు పారితోషికం, రానూపోనూ ఛార్జీలు, మేకప్, మ్యూజిక్, వ్యాన్ కిరాయి, పది మందికి భోజనాలు, పరిషత్తు వాళ్ళిచ్చేది దేనికీ చాలదు, జేబులోంచి పెట్టుకుంటూనే ఉన్నాం. దానికి తోడు డేట్లు. మంచి ఆర్టిస్టు నాలుగైదు సమాజాలకి చేస్తుంది, ఒకే రోజు రెండు చోట్ల పడితే ఎవరో ఒకరు మానుకోవాల్సిందే.

పోయినేడు మన నాటికలో తల్లి వేసినమ్మాయి గుర్తుందా? బస్సు దిగి సరాసరి మేడెక్కింది, చెప్పులు పక్కన విడిచి "అన్నా, గుమ్మం ఇదేనా?" అని అడిగి రెండు ప్లాస్టిక్ కుర్చీల మధ్య నుంచి లోపలికొచ్చింది. డైలాగులు కంఠతా వచ్చు, బస్సులో చదువుకుంటూ వచ్చిందంట. కానీ కొడుకు వేసే కుర్రాణ్ణి చూడటం అదే మొదలు. మర్నాడే ప్రదర్శన. చివరి సీన్లో కొడుకు తల మీద చెయ్యి వెయ్యాలి, ఎంత వంగాలో తెలీక ఆ చెయ్యి ఒక్క క్షణం గాల్లో ఆగింది. జనం గమనించారో లేదో గానీ స్టేజీ పక్కన వింగులో ఉన్న నాకు ప్రాణం ఉసూరుమంది. తప్పు ఆమెది కాదు. పది రోజులు కలిసి చేసుంటే ఆ చెయ్యి దానంతటదే వెళ్ళేది.

"మనూరి ఆడవాళ్ళు రారు" అంటారు. ఎలా వస్తారండీ? షాపులు కట్టేసి వచ్చి రాత్రి తొమ్మిదిన్నరకి మొదలుపెడతాం, ముగిసేసరికి పన్నెండు. ఇద్దరు టీచర్లు ఇష్టపడి నన్నడిగారు, టైము చెప్పగానే మాట్లాడకుండా ఊరుకున్నారు.

అందుకని నా లెక్క ఇది. ఈ రెండు నెలలూ వానలు, నాట్లు, ఎలాగూ ఎవరూ కదలరు, కూర్చుని స్క్రిప్టులు పైకి చదువుదాం, అందరి ముందూ. సెప్టెంబరు నుంచి రిహార్సల్, సాయంత్రం ఐదున్నర నుంచి ఏడున్నర, ఆదివారం పొద్దున. షాపులవాళ్ళ గతేంటని బాబాయి అడిగాడు, న్యాయమే, కానీ అందరూ రోజూ ఎందుకు రావాలి? ఏ సీన్ చేస్తున్నామో ఆ సీన్లో ఉన్నవాళ్ళే వస్తే చాలు, షాపులవాళ్ళవి ఆదివారం పెట్టుకుందాం. ఇప్పుడు రెండు డైలాగులున్నవాడు కూడా రెండున్నర గంటలు మెట్ల మీద కూర్చుంటున్నాడు పాపం.

నవంబరు 14కి పిల్లల చేత ఒక నాటిక. నంది నాటకోత్సవాల్లో బాలల నాటికకి విడిగా విభాగమే ఉంది, మనం ఒక్కసారి కూడా పంపలేదు. డిసెంబరు ఆఖర్లో, కోతలు అయ్యాక, పెద్ద నాటిక మనూళ్ళో రెండు రాత్రులు. పోటీకి నాటికల్ని ఎంపిక చేయడానికి స్క్రూటినీకొచ్చే జడ్జీల కంటే ముందు మనవాళ్ళు చూడాలి. పోటీలో టైము దాటుతుందేమోనని గడియారం చూసుకుంటూ పాజులన్నీ మింగేస్తున్నాం, జనం ఎక్కడ నవ్వుతారో ఎక్కడ కదలకుండా ఉండిపోతారో తెలీకుండానే పోటీకి పోతున్నాం. పరిషత్తులు మానేయమనట్లేదు, చందాలేసుకుని పందిళ్ళు కట్టి నాటకాన్ని బతికించింది వాళ్ళే, ఆ రుణం తీరేది కాదు. కాకపోతే పదిహేను ఊళ్ళు తిరిగే బదులు ఏడింటికి వెళ్దాం, మిగిలిన డబ్బుతో మనూరి ప్రదర్శన అయిపోతుంది. కుర్చీల అద్దె నాది.

ఇంకొకటి, ఏప్రిల్ 16, కందుకూరి వీరేశలింగం గారి జయంతి, తెలుగు నాటకరంగ దినోత్సవం. ఆ రోజు పద్యనాటకంలో ఒక్క అంకమైనా వేద్దాం. మన పెద్దాయన డెబ్భై దాటాక కూడా పద్యం ఎత్తుకుంటే కింద రోడ్డు మీద పోయేవాళ్ళు ఆగి వింటున్నారు, పక్కనే కూర్చునే మన కుర్రాళ్ళలో ఒక్కడికి ఒక్క పద్యం రాగంతో రాదు. ఆయన దగ్గర ఓపికున్నప్పుడే నేర్చుకోవాలి కదా.

ఈ ఆదివారం పొద్దున తొమ్మిదింటికి మేడ మీద మొదటి స్క్రిప్టు చదువుతున్నాం, ముగ్గురు ఆడవాళ్ళున్న నాటిక. ఆ టీచర్లిద్దరికీ ఇందాకే ఫోన్ చేశా. ఒకావిడ వస్తానన్నారు, ఇంకొకావిడ పాపని కూడా తీసుకొస్తే పర్లేదా అని అడిగారు. తీసుకురండమ్మా అన్నాను.