మానవహారానికి పిల్లలు కావలెను

నవంబరు 20 దగ్గర పడుతోంది. బెజవాడలో బాలల హక్కుల దినం జరపబోయే పెద్దలకు కొన్ని మెళకువలు మనవి చేసుకోవాలి. ఇది ఆషామాషీ వ్యవహారం కాదు. 1989లో ఇదే రోజున ఐక్యరాజ్య సమితి 54 అధికరణాలతో ఒడంబడికను ఆమోదించింది. 1992లో మనమూ ఒప్పుకున్నాం. అంత గొప్ప సంగతికి పిల్లల్ని ఎండలో నిలబెట్టకపోతే ఎలా?

మొదట మానవహారం. బెంజి సర్కిల్ అయితే ఫొటో బాగా వస్తుంది. ఆరో తరగతి పిల్లలు చేతులు పట్టుకుని నిలబడితే మనిషికి మీటరు పైచిలుకు. 200 మందిని దింపితే పావు కిలోమీటరుకు కాస్త తక్కువ. ఎత్తుల వారీగా నిలబెట్టకపోతే పొట్టివాళ్ల రెక్కలు గుంజుకుపోతాయి. ప్లకార్డు చేతికిచ్చారో హారం తెగినట్టే, కర్ర పట్టుకున్నవాడికి మిగిలేది ఒక్క చెయ్యే. కనుక అట్టకు రెండు చిల్లులు పొడిచి పురికొసతో మెడలో వేలాడదీయాలి. థర్మాకోల్ జోలికి పోవద్దు. లారీ గాలికి విరిగి ‘బాలల హ’ ఒకడి మెడలో, ‘క్కులు’ హైవే మీద మిగులుతాయి.

ఫ్లెక్సీ పదడుగులు బై ఆరు చాలు. మూడొంతుల్లో రెండొంతులు అతిథుల ముఖాలకు. మిగిలిన మూలలో ఇంటర్నెట్లో దొరికిన పిల్లాడు. జుట్టు ఎర్రగా ఉన్నా ఫర్వాలేదు, ఎవరూ అంత కిందికి చూడరు.

ఇక నినాదం. పీఈటీ సారు “బాలల హక్కులు!” అంటే పిల్లలు “కాపాడుదాం!” అనాలి. మొదలయ్యేది తొమ్మిదింటికి, ముఖ్య అతిథి వచ్చేది పదకొండున్నరకు. పదింటికల్లా పిల్లల చెవులు మూతబడి నోళ్లు మాత్రమే పనిచేస్తుంటాయి. ఆపైన సారు ఏమన్నా జవాబు ఒకటే.

“ఒరేయ్, లైన్లో నిలబడు!”

“కాపాడుదాం!”

“వెనక ఆటో వస్తోంది, జరగండ్రా!”

“కాపాడుదాం!”

“నోరు ముయ్యండి!”

“కాపాడుదాం!”

ఎవడో ఒకడి వీపు మోగేదాకా ఈ కాపాడటం ఆగదు. విద్యాహక్కు చట్టం 17వ సెక్షను పిల్లల్ని కొట్టడాన్నీ, మనసు నొచ్చేలా వేధించడాన్నీ నిషేధించింది. ఆ ముక్క వాడి మెడలోని అట్ట మీదే ఉంది. కాకపోతే అట్ట ఉండేది రొమ్ము మీద, దెబ్బ పడేది వీపు మీద. వచ్చే ఏడు వెనక్కూడా ఒకటి కట్టిస్తే ఈ సాంకేతిక లోపం తీరుతుంది.

మంచినీళ్లు మాత్రం ఇవ్వకండి. తాగితే బాత్రూం అంటారు, రోడ్డు మీద ఎక్కడికని పంపుతాం?

మధ్యాహ్నం హాల్లో వక్తృత్వ పోటీ. అంశం: ‘పిల్లల మాట పెద్దలు వినాలి’. ఒడంబడికలో 12వ అధికరణం సరిగ్గా ఇదే. పిల్లలకు సంబంధించిన ఏ విషయంలోనైనా వాళ్ల అభిప్రాయం చెప్పనివ్వాలి, దాన్ని లెక్కలోకి తీసుకోవాలి అంటుంది. ఒక్కొక్కరికి మూడు నిమిషాలు. అందులో ముప్పావు నిమిషం ‘వేదికనలంకరించిన’ వారికే సరి. తక్కినది టీచరు రాసిచ్చింది, వారం రోజులు బట్టీ పట్టింది. ‘సమాజమా, మేలుకో!’ దగ్గర కుడి చెయ్యి లేవాలి. ఎడమది లేచిందో రెండు మార్కులు హుష్.

ఇలాంటి చోటే ప్రమాదం పొంచి ఉంటుంది. బట్టీ మధ్యలో మరిచిపోయిన ఏ ఏడో తరగతి పిల్లో సొంతంగా మాట్లాడేస్తుంది. “మా బడిలో ఆడపిల్లల బాత్రూం తలుపుకి గడియ లేదండి. ఒకళ్లు లోపలికెళ్తే ఇద్దరం బయట తలుపు పట్టుకోవాలి. అందుకే పొద్దున్నుంచీ నీళ్లు తాగం.”

హాలంతా నిశ్శబ్దం. జడ్జీలు ‘అంశం దాటిపోయింది’ అని రాసుకుంటారు. హెడ్మాస్టారు పక్కకు పిలిచి, “ఎవరు రాసిచ్చారే నీకిది?” అంటారు. మిగతా పద్నాలుగు మందికీ ఎవరు రాసిచ్చారో ఎవరూ అడగరు. బట్టీ కొట్టిన పిల్ల తెలివిగలది, నిజం చెప్పిన పిల్ల వెనక ఎవరో ఉన్నారు!

ఒక ఇనప గడియ. నాలుగు మరలు. పావుగంట పని. ఆ రోజు వేదిక మీద కప్పిన ఒక్క శాలువా డబ్బులతో బడి తలుపులన్నిటికీ గడియలు వచ్చేవి. ఆడపిల్లలకు వేరే మరుగుదొడ్డి ఉండి తీరాలన్న చట్టం 2010 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉంది. పన్నెండేళ్ల పిల్ల సాయంత్రం దాకా గొంతు ఎండబెట్టుకుని, ఒంటేలు బిగబట్టుకుని కూర్చుంటే ఏ రోగాలొస్తాయో ఆ హాల్లో ప్రతి తల్లికీ తెలుసు. తెలిసీ చప్పట్లు కొట్టడానికి సిగ్గుండొద్దూ? ఆ పిల్లకు దక్కిన బహుమతి ‘రేపు మీ నాన్నను తీసుకురా’. ఆయన వన్‌టౌన్‌లో మూటలు మోసే మనిషైతే ఒక రోజు కూలి పోయినట్టే.

మొదటి బహుమతి ఆడుకునే హక్కు మీద మాట్లాడిన అబ్బాయికి. వాళ్ల బడిలో ఆటల పీరియడ్ లెక్కల సారు తీసేసుకుని రెండేళ్లయింది.

సభ అయ్యాక అట్టలు జాగ్రత్తగా వెనక్కి తీసుకుని బీరువా మీద పెట్టండి. సంవత్సరం మాత్రం చిన్న కాగితం మీద విడిగా రాసి అంటించండి, మార్చుకోవడం సులువు.