‘ఒక్కసారి స్టార్ట్ చేసి చూద్దాం’ గారికి బహిరంగ లేఖ

మహారాజశ్రీ ‘ఒక్కసారి స్టార్ట్ చేసి చూద్దాం’ గారి దివ్య సముఖానికి, తెనాలి దగ్గరి ఒక పల్లెటూళ్లో, గడ్డివాము పక్కనున్న రేకుల షెడ్డులోంచి, ఆయిల్ చేతులతో నమస్కరించి రాసుకుంటున్న విన్నపం.

ఉభయకుశలోపరి అని మొదలుపెట్టడం మర్యాద కనుక మొదలుపెట్టాను గానీ, కుశలం ఒక పక్కనే ఉంది. తమరు కులాసాగానే ఉంటారు. ఏ ఊళ్లో, ఏ చూరు కింద, ఏ పాత బండి మీద కప్పిన టార్పాలిన్ తొలగించినా, తొలగించిన చెయ్యి ఇంకా కిందికి దించకముందే, చుట్టూ నిలబడిన నలుగురిలో ఎవరో ఒకరి నోట తమరు ప్రత్యక్షమవుతారు. నేను మాత్రం కులాసాగా లేను. మా మామయ్య అంబాసిడర్ మార్క్ 2లో మూడో సిలిండర్ ఎగ్జాస్ట్ పుష్‌రాడ్డు (పొగ బయటికి పోయే వాల్వును తెరిపించే సన్నటి కడ్డీ) అసలే కులాసాగా లేదు. అది నిన్న మధ్యాహ్నం దాకా నిటారుగా ఉండేది.

బండి చాలా ఏళ్లుగా కదలలేదని తమరికి తెలుసు, తెలిసే వచ్చారు. టింకరింగుకూ పెయింటుకూ ఒక్క రూపాయి ఖర్చు పెట్టేముందు ఇంజిన్ ఆరోగ్యం తేల్చుకుందామని, నేను ప్లగ్గులు నాలుగూ విప్పి, ఒక్కో రంధ్రంలో డీజిల్ కలిపిన ఇంజిన్ ఆయిల్ కాస్త పోసి, పిస్టన్ రింగులూ సిలిండర్ గోడలూ నానడానికి రాత్రంతా వదిలేశాను. తెల్లారి, సిలిండర్లలో గాలి ఎంత గట్టిగా నొక్కుకుంటోందో కొలిచే కంప్రెషన్ గేజు కోసం విజయవాడ ఆటోనగర్ వెళ్తూ, తిరిగి వచ్చేదాకా ఎవరూ ఇంజిన్ జోలికి వెళ్లవద్దని మెకానిక్ మేస్త్రికి చెప్పాను, ఆయన శిష్యుడికి చెప్పాను, మామయ్యకూ చెప్పాను. ‘మీరు రాకుండా బానెట్ కూడా ఎత్తం సార్’ అని మేస్త్రి నెత్తి మీద చెయ్యి పెట్టుకుని మరీ మాటిచ్చాడు. ఆ మాట ఇచ్చేటప్పుడు ఆయన మనసులో కల్మషం లేదనే ఇప్పటికీ నా నమ్మకం. నేను సందు మలుపు తిరిగాక తమరు వచ్చి ఆయన చెవిలో దూరారు.

ఆ తర్వాత జరిగిన వైభవాన్ని సాయంత్రం ఊళ్లోవాళ్లు పోటీ పడి నాకు వర్ణించారు. ట్యాంకులో ఉన్నది పాత పెట్రోలని గుర్తించేపాటి జాగ్రత్త తీసుకున్నారట. అందుకని ఆర్‌ఎంపీ డాక్టరు దగ్గర ఖాళీ సెలైన్ బాటిల్ తెచ్చి, అందులో కొత్త పెట్రోలు పోసి, బానెట్‌కు వేలాడదీసి, ఆ ట్యూబును కార్బురేటర్‌కు తగిలించారు. ఆ జాగ్రత్తలో పావు వంతైనా చాంబర్ (ఇంజిన్ కింద ఆయిల్ నిలిచే తొట్టి) అడుగున గడ్డకట్టిన నల్లటి ఆయిల్ మీద చూపలేదు. సెల్ఫ్ తిరగలేదు. అప్పుడు ఎదురింటివారి ట్రాక్టర్‌కు మోకు కట్టి, బండిని రెండో గేరులో పెట్టి, కాలవ వంతెన దాకా ఈడ్పించి క్లచ్ వదిలారు. ‘టక్’మని ఏదో చప్పుడైందట. ఎవరూ ఆగలేదు, ఎందుకంటే మరుక్షణమే ఇంజిన్ అందుకుంది. మూడు సిలిండర్ల మీద కుంటుతూ, కార్బురేటర్‌లోంచి ఎదురుకొడుతూ, వీధంతా నీలం పొగ నింపుతూ అందుకుంది. అందరూ చప్పట్లు కొట్టారు. శిష్యుడు వీడియో తీసి, నేను బస్సు దిగేలోపే నాకు పంపించాడు, దాని కింద దండం పెట్టే బొమ్మ కూడా పెట్టాడు.

ఆ ‘టక్’ ఏమిటో తమరికి ఎవరూ చెప్పి ఉండరు కనుక చెబుతాను. ఏళ్ల తరబడి ఆగిపోయిన ఇంజిన్‌లో పెట్రోలు జిడ్డు ఎండిపోయి, తేమకు తుప్పు పుట్టి, వాల్వు కాడ అది జారాల్సిన గొట్టంలో, అంటే గైడులో, పట్టేసుకుంటుంది. చేత్తో హ్యాండిల్ తిప్పితే ఆ బిగువు అరచేతికి తెలుస్తుంది, మనిషన్నవాడు ఆగుతాడు. ట్రాక్టర్‌కు అరచెయ్యి లేదు. కింద కామ్‌షాఫ్ట్ పైకి నెట్టింది, పైన వాల్వు కదలనని మొండికేసింది, ఇద్దరి మధ్యా ఉన్న సన్నటి పుష్‌రాడ్డు వంగిపోయింది. నేను ఇంజిన్ పై మూత అయిన టాపెట్ కవర్ తీసి, వాల్వులను నొక్కే రాకర్ల షాఫ్ట్ విప్పి, ఎనిమిది రాడ్లూ వరసగా బయటికి తీసి, మామయ్య రాతబల్ల మీది అద్దంపై ఒక్కొక్కటే దొర్లించాను. ఏడు రాడ్లు సన్నగా గలగలమంటూ ఈ అంచు నుంచి ఆ అంచుకు దొర్లిపోయాయి. ఎనిమిదోది ప్రతి చుట్టుకూ నడుము ఎత్తి, దాని కిందనుంచి కిటికీ వెలుతురు కనిపించేలా లేచి, మళ్లీ పడి, సగం బల్ల కూడా దాటకుండా నిలిచిపోయింది.

అయ్యా, తమరి మీద నా ఫిర్యాదు రాడ్డు వంగినందుకు మాత్రమే అయితే ఇంత కాగితం ఖర్చు చేసేవాణ్ణి కాను. తమరు పరీక్ష వేషంలో వస్తారు, అక్కడే నాకు మండుతుంది. స్టార్ట్ అయితే ఇంజిన్ బాగున్నట్టనీ, కాకపోతే పోయినట్టనీ తమరు ఊరూరా ప్రచారం చేసిపెట్టారు. చాలా ఏళ్లుగా మంచం పట్టిన మనిషికి ఒంట్లో ఎలా ఉందో తెలుసుకోవడానికి తెల్లవారుజామున లేపి కాలవగట్టున పరుగు పెట్టిస్తే, రెండడుగులు వేశాడు కనుక ఆరోగ్యవంతుడేనని చెప్పే వైద్యుణ్ణి ఏ ఊరివాళ్లయినా ఏం చేస్తారో తమరికి తెలియనిది కాదు. తమరిని మాత్రం దండలేసి ఊరేగిస్తున్నారు.

చూడవలసిన పద్ధతి బ్రహ్మవిద్యేమీ కాదు. డిప్‌స్టిక్ బయటికి లాగి ఆయిల్ రంగూ వాసనా చూడాలి. పాలు కలిసినట్టు ఉంటే నీళ్లు చేరినట్టు, పెట్రోలు వాసన కొడితే కార్బురేటర్ నుంచి కారినట్టు. ఆ ఆయిల్ మొత్తం దించి, అడుగున లోహపు పొడి తళుక్కుమంటుందేమో వేలికి రాసుకుని చూడాలి. నానబెట్టిన ఇంజిన్‌ను ప్లగ్గులు లేకుండానే, టాపెట్ కవర్ తీసి ఉంచి, హ్యాండిల్‌తో మెల్లగా తిప్పాలి. అంబాసిడర్ ముందు భాగంలో హ్యాండిల్‌కు చోటు వదిలింది దిష్టి తగలకుండా కాదు. క్రాంక్‌షాఫ్ట్ రెండు చుట్లు తిరిగేలోపు ఎనిమిది వాల్వులూ ఒక్కోసారి తెరుచుకుని మూసుకుంటాయి. రెండు చుట్లు! ఒకరు తిప్పుతూ ఉంటే ఇంకొకరు రాకర్ల వైపు చూస్తూ కూర్చుంటే చాలు, ఏది దిగింది, ఏది దిగలేదు, ఏది దిగి పైకి రాలేదు, అన్నీ కళ్లకు కనిపిస్తాయి. టీ చల్లారేలోపు అయిపోయే పని. ఆ పని చేసి ఉంటే, పట్టేసిన ఆ ఒక్క వాల్వుకు తుప్పు వదిలే నూనె పోసి, కాస్త తట్టి, ఓపిగ్గా కదిలించుకుని ఉండేవాళ్లం.

ఇప్పుడు తమరి ఘనకార్యంలో రెండో అంకానికి వస్తాను. నేను బస్సు దిగి షెడ్డుకు చేరేసరికి, మేస్త్రి ఒక పెళ్లి శుభలేఖ వెనక నాకోసం లెక్క రాసి సిద్ధంగా ఉంచాడు. రీబోరు, కొత్త పిస్టన్లు, రింగులు, క్రాంక్ గ్రైండింగ్, బేరింగులు, లేబర్. ‘నీలం పొగ చూశారుగా సార్, రింగులు మొత్తం అవుట్. దానికన్నా ఇసుజు ఇంజిన్ ఎక్కించేస్తే గొడవ వదిలిపోతుంది’ అన్నాడు. ఆ నీలం పొగ నేను రాత్రి ప్లగ్గు రంధ్రాల్లో పోసిన ఆయిల్‌ది. రాత్రి పోసిన ఆయిల్ పగలు మండితే నీలంగా కాక మరే రంగులో వస్తుంది? మూడో సిలిండర్ ఎందుకు పనిచేయడం లేదని అడిగితే ప్లగ్గు మార్చాలన్నాడు. పొగ చూసి రింగులన్నారు, కుంటుతుంటే ప్లగ్గన్నారు, ‘టక్’ మాత్రం ఎవరి లెక్కలోనూ లేదు. ఒక్కసారి స్టార్ట్ చేసినందుకు తమరు ఇచ్చిన సమాచారమంతా ఇదే, ఇందులో ఒక్క ముక్కా నిజం కాదు.

సాయంత్రం గేజు పెట్టాం. బ్యాటరీ పూర్తిగా ఛార్జి చేసి, ఇగ్నిషన్ కాయిల్ వైరు ఊడదీసి, ప్లగ్గులన్నీ తీసేసి, యాక్సిలరేటర్ నేలకు ఆనేదాకా తొక్కిపట్టి, ఒక్కో సిలిండర్‌నూ సెల్ఫ్ మీద ఒకే లెక్కన తిప్పాం. మేస్త్రి శిష్యుడు యాక్సిలరేటర్ తొక్కడం ఎందుకని అడిగాడు. గాలి లోపలికి వెళ్లే దారి మూసేసి గాలి పీడనం కొలవడం ఎందుకని నేను ఎదురడిగాను. ఇలాంటి ఇంజిన్‌లో ఒక సిలిండర్ పీడనానికీ ఇంకొకదాని పీడనానికీ 10 శాతానికి మించి తేడా లేకపోవడమే ముఖ్యం. మూడు సిలిండర్లు 130 పీఎస్‌ఐ చూపించి ఒకటి 70 దగ్గర ఆగిపోతే, అందులో చెంచాడు ఆయిల్ పోసి మళ్లీ కొలుస్తారు. అంకె పైకి లేస్తే లోపం రింగుల్లో ఉన్నట్టు, లేవకపోతే వాల్వుల్లో ఉన్నట్టు. పక్కపక్కన ఉన్న రెండు సిలిండర్లు కలిసి పడిపోతే అనుమానం వాటి పైన సీలుగా ఉండే హెడ్ గ్యాస్కెట్ మీదికి పోతుంది. మాకు ఆ అవస్థ రాలేదు. మూడో దానితో సహా నాలుగూ దగ్గరదగ్గరగానే నిలబడ్డాయి. రింగులు భేషుగ్గా ఉన్నాయి! ఎగ్జాస్ట్ వాల్వు మూసుకునే ఉంది కనుక మూడోదాని లోపాన్ని గేజు పట్టుకోలేదు, ఆ సంగతి కూడా ఒప్పుకుంటాను. దాన్ని పట్టుకున్నది తెరిచిన టాపెట్ కవర్, రెండు కళ్లు. ఈ రెండింటికీ తమరు అవకాశం ఇవ్వలేదు.

తమరి బంధువర్గం గురించి ఎక్కువ మాట్లాడను. ప్లగ్గు రంధ్రం మీద బొటనవేలు పెట్టి ‘కంప్రెషన్ అదిరిపోయింది’ అనే పెద్దమనిషికి నా నమస్కారాలు. ఆ వేలికి 130కీ 90కీ తేడా తెలిసే రోజు వచ్చాక మాట్లాడుకుందాం. కొనడానికి వచ్చేవాడు గుమ్మంలో అడుగుపెట్టే ముందే ఇంజిన్ వేడెక్కించి ఉంచే అమ్మకందార్లకూ, బేరింగు చప్పుడు వినపడకుండా చిక్కటి ఆయిల్ పోసి మూత బిగించే వారికీ వేరే ఉత్తరం రాస్తాను. ముందు మెరిసే పెయింటు వేయించి, ఆ తర్వాత ఇంజిన్ దించబోతూ ఫెండర్ల మీద గీతలు పెట్టించుకునే తొందరవారు తమరికి తోబుట్టువులేనని విన్నాను. ఇక ఇసుజు ఎక్కించమన్న సలహాదారుడికి ఒక్క మాట. 50 ఏళ్లు దాటిన బండిని వింటేజ్‌గా నమోదు చేసుకోవడానికి 2021లో వచ్చిన కేంద్ర నిబంధనలు, బండి తన అసలు రూపంలో, అసలు ఇంజిన్‌తో ఉండాలంటాయి. మా ఆర్‌సీ పుస్తకంలో రాసిన ఇంజిన్ నంబరు ఈ బ్లాకు మీదే ఉంది, దాన్ని పాత ఇనుము కొట్టుకు పంపే ఉద్దేశం నాకు లేదు. పైగా కోల్‌కతా దగ్గరి ఉత్తరపారాలో ఈ బండి తయారీ 2014లోనే ఆగిపోయింది. ఒక్క మంచి పుష్‌రాడ్డు కోసం పాత సామాన్ల కొట్లన్నీ తిరగాల్సిన కాలంలో తమరు సరదాగా వంచేసి వెళ్లారు.

ఇక మర్యాద నావల్ల కాదు. నువ్వు పరీక్షవు కాదు, వేడుకవు. జనానికి చప్పుడు కావాలి, పొగ కావాలి, ఫోనులో వీడియో కావాలి, నువ్వు అవి ఇస్తావు, అందుకే నిన్ను పిలుస్తారు. చేత్తో తిప్పి చూడడానికి ప్రేక్షకులు రారు. ఆయిల్ దించి వేలికి రాసుకుంటుంటే ఎవడూ ఈల వెయ్యడు. ఈ 1489 సీసీ బి-సిరీస్ ఇంజిన్‌లో క్రాంక్‌షాఫ్ట్‌ను మోసేవి మూడే మెయిన్ బేరింగులు. వాటి దాకా ఒక్క చుక్క ఆయిల్ చేరకముందే, ఆయిల్ ప్రెజర్ వచ్చిందో లేదో చూడకుండానే, కాలవ వంతెన దాకా ఈడ్పించావు. ఆ బేరింగులకు ఏం జరిగిందో చాంబర్ విప్పితే గానీ తెలియదు. విప్పాల్సిన పని లేని చాంబర్ విప్పుతున్నది నీ మూలంగానే. ఎన్ని షెడ్లలో ఎన్ని బండ్లు ఇలాగే నీ వేడుక అయ్యాక ‘ఇంజిన్ జామ్’ అని తూకానికి వెళ్లిపోయాయో!

ఒక్కటి మాత్రం దాచను. ఆ వీడియోలో పొగ కాస్త పలచబడ్డాక మామయ్య కనిపిస్తాడు. డ్రైవర్ సీటులో కూర్చుని, ఒక చేత్తో స్టీరింగ్ పక్కనున్న గేరు కమ్మీ పట్టుకుని, ‘విన్నావుటరా అల్లుడూ’ అని, అక్కడ లేని నన్ను పట్టుకుని అడుగుతుంటాడు. ఆ చప్పుడు వినడానికే ఆయన ఈ షెడ్డుకు రేకులు మార్పిస్తూ వచ్చాడు. ఆ మాట విన్నప్పుడు నీ మీద కోపం ఒక్క నిమిషం తగ్గిందని రాయకపోతే ఉత్తరం అబద్ధమవుతుంది. మేస్త్రి కూడా రాత్రి అన్నం తిని మళ్లీ షెడ్డుకు వచ్చాడు, శుభలేఖను ఏమీ మాట్లాడకుండా చింపేసి, ఆ వాల్వుకు నూనె పెడుతూ పదింటిదాకా కూర్చున్నాడు. పది తర్వాత అది కదిలింది.

కొత్త పుష్‌రాడ్డు దొరికి, చాంబర్ శుభ్రం చేసి, బేరింగులు చూసి, కొత్త ఆయిల్ పోసి, ప్లగ్గులు లేకుండా ప్రెజర్ వచ్చేదాకా తిప్పాక, ఆ రోజు నిన్ను నేనే పిలుస్తాను. పీట వేసి కూర్చోబెడతాను, కొబ్బరికాయ కూడా కొట్టిస్తాను. అప్పటిదాకా ఈ షెడ్డు గుమ్మం తొక్కకు.

ఇట్లు,
వంగిన రాడ్డు సాక్షిగా, అంబాసిడర్ గారి మేనల్లుడు.

తా.క.: ఈ రాత్రి మళ్లీ ఎవరి చెవిలోనైనా దూరే ఆలోచన ఉంటే మానుకో. ప్లగ్గులకు కరెంటు పంచే డిస్ట్రిబ్యూటర్‌లోని రోటార్ తీసి నా చొక్కా జేబులో వేసుకున్నాను. ఇక ఆ ట్రాక్టర్‌తో గుంటూరు దాకా ఈడ్పించినా స్టార్ట్ కాదు.