నలుగురికీ తెలిస్తే అది మెటల్ కాదు

సంగీతం గొప్పదా కాదా తేల్చడానికి మన పెద్దలు శ్రుతి చూశారు, లయ చూశారు, సాహిత్యం చూశారు. పాపం, వాళ్లకి తీరిక ఎక్కువ. ఇరవై ఏళ్లుగా ఇంగ్లండ్ హెవీ మెటల్, అంటే గిటార్ల మోత సంగీతం, వింటున్న అనుభవంతో నేను ఒకే ఒక్క కొలత దగ్గరికి వచ్చాను. బ్యాండు పేరు చెప్పగానే ఎదుటివాడు "ఎవరూ?" అని మొహం చిట్లించాలి. చిట్లించాడా, అది గొప్ప బ్యాండు. "ఓ, వాళ్లా! నేనూ విన్నాను" అన్నాడా, ఆ బ్యాండుకి నీళ్లొదులుకోవాల్సిందే.

ఈ కొలతతో చూస్తే ఐరన్ మెయిడెన్ పరిస్థితి దయనీయం. మొన్న మా సందు చివర ఇస్త్రీ బండి దగ్గర ఒక కుర్రాడు వాళ్ల బొమ్మ ఉన్న నల్ల టీషర్టు వేసుకుని నిలబడ్డాడు. బాధ్యత గల పౌరుడిగా ఆపి, "వాళ్లవి మూడు పాటల పేర్లు చెప్పు" అని అడిగాను. "ఇది మా అక్కది అంకుల్" అన్నాడు. ఒక్క మాటలో బ్యాండూ పోయింది, నా వయసూ బయటపడింది.

అలాగని నేను పక్షపాతిని కాను. 1979 నవంబరు వరకు ఐరన్ మెయిడెన్ అంటే నాకు ఎంతో గౌరవం. 1978 డిసెంబరు ఆఖరి రెండు రోజుల్లో, ఊరంతా కొత్త సంవత్సరం హడావుడిలో ఉంటే, వాళ్లు కేంబ్రిడ్జిలోని ఒక స్టూడియోలో పాటలు రికార్డు చేసుకున్నారు. వాటిలో మూడింటిని మరుసటి నవంబరులో 'ది సౌండ్‌హౌస్ టేప్స్' పేరుతో సొంతంగా 5,000 కాపీలు వేసి పోస్టులో అమ్ముకున్నారు. ఐదు వేలంటే ఎంత, ఎమ్మెల్యే గారింట్లో పెళ్లికి రెండో బంతిలో కూర్చునే జనమంత కూడా కాదు. అదీ పద్ధతి. ఆ తర్వాత పెద్ద కంపెనీతో ఒప్పందం, ఊరూరా కచేరీలు, చివరికి ఇస్త్రీ బండి. నేను నవంబరులోనే ఆగిపోయాను. "మీరు పుట్టిందే 1983లో కదా" అని మా ఆవిడ అడుగుతుంది. సిద్ధాంతం వేరు, పుట్టిన తేదీ వేరు.

అసలు ఆ రోజుల గురించి నాలుగు మాటలు చెప్పాలి. చెప్పకూడదు నిజానికి, చెబితే మీకు తెలిసిపోతుంది. అయినా తెగించి చెబుతున్నాను. 1970ల చివర్లో పంక్ అనే ఇంకో రకం సంగీతం వచ్చి ఊపేస్తుంటే, హెవీ మెటల్ పని అయిపోయిందని ఇంగ్లండ్ పత్రికలు రాసేశాయి. లండన్‌కి వాయవ్యాన కింగ్స్‌బరీ అనే చోట ప్రిన్స్ ఆఫ్ వేల్స్ అని ఒక పబ్బు. అక్కడ నీల్ కే అనే డీజే మాత్రం ఎవరేమన్నా లెక్కచెయ్యకుండా మెటల్ రికార్డులే వేసేవాడు. వచ్చిన కుర్రాళ్లు కొందరు హార్డ్‌బోర్డు అట్టని గిటారు ఆకారంలో కోసుకుని తెచ్చుకునేవారు. దానికి తీగ ఉండదు, వైరు ఉండదు. స్పీకర్ల ముందు నిలబడి, జుట్టు ఊపుతూ, ఆ అట్టముక్క మీద చెమటలు కారేలా వాయించేవారు. ఒక్క స్వరం తప్పు పోయేది కాదు. కళాకారుడంటే వాడు!

అక్కడ జనం ఏ పాట ఎన్నిసార్లు అడిగారో లెక్కేసి నీల్ కే ఒక పట్టిక తయారు చేస్తే, 'సౌండ్స్' అనే వారపత్రిక అచ్చువేసేది. ఐరన్ మెయిడెన్ కేంబ్రిడ్జిలో రికార్డు చేసుకున్న ఆ క్యాసెట్టులోని ఒక పాట 1979లో ఆ పట్టిక పైకెక్కింది. ఒక పబ్బులో తాగినవాళ్లు కేకలేసి అడిగిన పాటలు ఒక దేశపు సంగీత చరిత్ర అయ్యాయి. చరిత్రలు మామూలుగా ఇంతకంటే బలహీనమైన పునాదుల మీదే లేస్తాయి కాబట్టి నాకేం అభ్యంతరం లేదు.

అదే ఏడాది మే 8న లండన్‌లోని మ్యూజిక్ మెషిన్ అనే క్లబ్బులో ఏంజెల్ విచ్, ఐరన్ మెయిడెన్, శాంసన్ ఒకే రాత్రి వాయించారు. 'సౌండ్స్' పత్రిక దాని గురించి రాస్తూ ఈ గుంపు మొత్తానికి 'న్యూ వేవ్ ఆఫ్ బ్రిటిష్ హెవీ మెటల్' అని పేరు పెట్టింది. ఇంత పొడుగు పేరు పలకలేక అభిమానులు మొదటి అక్షరాలన్నీ కలిపి 'న్వాబమ్' అంటారు. హైదరాబాదులో ఈ మాట అన్నప్పుడల్లా ఎవరో ఒకరు "ఏ నవాబు?" అని అడుగుతారు. నేను సరిదిద్దను. అలా అడిగారంటే విషయం ఇంకా భద్రంగా ఉన్నట్టే.

ఇక్కడ ఒక చేదు నిజం ఉంది. సైతాను, మంత్రగత్తె, రక్తం, శ్మశానం అని బెదిరించే ఈ సంగీతం వెనక ఎవరున్నారని తవ్వుకుంటూ పోతే, చివరికి ఎవరో ఒకరి అమ్మ తగులుతుంది.

బర్మింగ్‌హామ్‌లో టోనీ అయోమి అని పదిహేడేళ్ల కుర్రాడు ఇనుప రేకుల ఫ్యాక్టరీలో పనిచేసేవాడు. బ్యాండులో చేరడానికి ఉద్యోగం మానేస్తున్నాడు, అదే ఆఖరి రోజు. మధ్యాహ్నం భోజనానికి ఇంటికొచ్చి ఇక వెళ్లనన్నాడు. వాళ్లమ్మ ఒప్పుకోలేదు. ఒప్పుకున్న పని సగంలో వదిలేస్తావా, వెళ్లి పూర్తిచేసి రమ్మంది. వెళ్లాడు. అలవాటు లేని మిషను మీద నిలబెట్టారు. కుడిచేతి రెండు వేళ్ల కొసలు తెగిపోయాయి. అతనిది ఎడమచేతి వాటం, గిటారు తీగలు నొక్కేది ఆ కుడిచేత్తోనే. గిన్నెలు తోమే లిక్విడ్ సీసా కరిగించి, ఆ ప్లాస్టిక్‌తో వేళ్లకి తొడుగులు చేసుకున్నాడు. సన్నని తీగలు వేసుకున్నాడు. తర్వాత తర్వాత తీగల బిగువు తగ్గించి శ్రుతి కిందికి దించాడు, మోత ఇంకా బరువెక్కింది. 1970 ఫిబ్రవరి 13, శుక్రవారం నాడు అతని బ్యాండు బ్లాక్ సబ్బత్ మొదటి ఆల్బమ్ వచ్చింది. హెవీ మెటల్‌ని సైతాను పుట్టించాడని చర్చిల్లో చెప్పుకున్నారు. నన్నడిగితే, మధ్యాహ్నం షిఫ్టుకి పొమ్మన్న ఒక తల్లి పుట్టించింది.

స్టౌర్‌బ్రిడ్జ్ అనే ఊళ్లో డైమండ్ హెడ్ అని ఇంకో బ్యాండు. దాని వ్యవహారాలు చూసినవాళ్లలో గాయకుడి తల్లి ఒకరు. 1980లో వాళ్ల మొదటి ఆల్బమ్ వెయ్యి కాపీలు వేశారు. తెల్ల అట్ట. దానిమీద ఆల్బమ్ పేరు లేదు, పాటల పేర్లు లేవు, బొమ్మ లేదు. బ్యాండులో ఎవరో ఒకరి సంతకం మాత్రం ఉండేది. మన పెళ్లి శుభలేఖలో కూడా ఇంతకంటే ఎక్కువ సమాచారం ఉంటుంది. తెలియకుండా ఉండటంలో ఇది పరాకాష్ఠ, నాకు చేతులెత్తి దణ్ణం పెట్టాలనిపిస్తుంది.

దాన్ని చెడగొట్టింది లార్స్ ఉల్రిక్. 1981లో, పదిహేడేళ్లకే, వీళ్ల కచేరీ చూడటానికి కాలిఫోర్నియా నుంచి విమానమెక్కి ఇంగ్లండ్ వచ్చాడు. కచేరీ అయ్యాక ఉండటానికి చోటు లేదంటే గిటారిస్టు బ్రయాన్ టాట్లర్ ఇంటికి తీసుకుపోయి పడుకోబెట్టాడు. అతిథి దేవుడని మనమే అనుకుంటాం కానీ, స్టౌర్‌బ్రిడ్జ్ వాళ్లూ తక్కువ తినలేదు. ఆ కుర్రాడు వెనక్కి వెళ్లి అదే ఏడాది మెటాలికా అనే బ్యాండు మొదలుపెట్టాడు, డైమండ్ హెడ్ పాటలు వాయించాడు, లోకమంతా చాటింపు వేశాడు. ఇప్పుడు ఎవడైనా డైమండ్ హెడ్ వాళ్ల 'యామ్ ఐ ఈవిల్?' విని "మెటాలికా పాట భలే ఉంది" అంటే, నేను లోపల నవ్వుకుని బయటికి గంట సేపు మాట్లాడతాను. రహస్యాన్ని ఎలా దాచాలో లార్స్‌కి ఆ రోజు ఎవరైనా చెప్పి ఉంటే ఈరోజు నాకు ఈ శ్రమ ఉండేది కాదు.

ఇంగ్లండ్ ఈశాన్యాన న్యూకాసిల్ దగ్గర వాల్సెండ్ అని ఒక ఊరు ఉంది. రోమన్లు కట్టిన గోడ అక్కడ ముగిసింది కాబట్టి ఆ పేరు. ఒకప్పుడు ఓడలు కట్టిన ఊరు. గోడ ఆగిన చోట మోత మొదలైంది, నీట్ రికార్డ్స్ అనే చిన్న కంపెనీ అక్కడిదే. టైగర్స్ ఆఫ్ పాన్ ట్యాంగ్ (పాన్ డబ్బా కాదు, ట్యాంగ్ పొడి అంతకన్నా కాదు), రేవెన్, వెనమ్ అందరూ ఆ గుమ్మంలోంచి వచ్చినవాళ్లే. వెనమ్ గాయకుడు క్రోనోస్ అయితే అక్కడి స్టూడియోలో చిన్న ఉద్యోగి. వాళ్లు 1982లో 'బ్లాక్ మెటల్' అని ఆల్బమ్ పెడితే, ఆ పేరు పట్టుకుని తర్వాత నార్వే కుర్రాళ్లు ఏకంగా ఒక మతమే పెట్టారు. న్యూకాసిల్ వాళ్లు సరదాకి అన్నది నార్వేలో శాసనమైంది.

న్యూకాసిల్‌లోనే ఒక బ్యాండు పేరు సైతాన్. సూటిగా, ఇంటిపేరు కూడా లేకుండా, సైతాన్. 1983లో 'కోర్ట్ ఇన్ ది యాక్ట్' అనే అద్భుతమైన ఆల్బమ్ చేశారు. (ఇది నిజంగానే అద్భుతం. వ్యంగ్యం కాదు. ఆ గిటార్లు వింటుంటే రెండు రైళ్లు పక్కపక్కనే పందెం వేసుకున్నట్టుంటుంది.) తర్వాత ఏమనుకున్నారో ఏమో, పేరు మార్చుకుని బ్లైండ్ ఫ్యూరీ అయ్యారు. మళ్లీ సైతాన్ అన్నారు. మళ్లీ మార్చుకుని పరయా అయ్యారు. 2011లో తిరిగి సైతాన్‌గా కలిశారు. మన దగ్గర న్యూమరాలజీ చూసి పేరులో ఒక అక్షరం పెంచుకునే హీరోలని వెక్కిరిస్తాం. ఇక్కడ సాక్షాత్తూ సైతానుకే పేరు కలిసిరాలేదు.

ఇవన్నీ మీరు విన్న పేర్లే అని ఎవరైనా అంటారేమో. అయితే నేను ఇంకా లోతుకి దిగుతాను, మునిగినా ఫర్వాలేదు. బర్మింగ్‌హామ్ వాళ్లు నేపామ్ డెత్. 1987లో వచ్చిన వాళ్ల మొదటి ఆల్బమ్ 'స్కమ్'. రికార్డుకి ఒకవైపు వాయించినవాళ్లలో రెండోవైపుకి వచ్చేసరికి డ్రమ్మరు ఒక్కడే మిగిలాడు. మా తాతగారి గొడ్డలికి మూడుసార్లు కామ మార్చి, రెండుసార్లు ఇనుము మార్చి, ఇప్పటికీ తాతగారి గొడ్డలే అంటాం, అదే లెక్క. ఆ ఆల్బమ్‌లో ఒక పాట నిడివి 1.316 సెకన్లు. ప్రపంచంలో రికార్డయిన అతి చిన్న పాటగా గిన్నిస్ పుస్తకంలోకి ఎక్కింది.

మా అత్తయ్య ఊరి నుంచి వచ్చినప్పుడు దాన్ని వినిపించాను. ఫోన్లో ముందు బిస్కెట్ల ప్రకటన వచ్చింది, ఐదు సెకన్లు. తర్వాత పాట. అత్తయ్య చేతిలోని చిక్కుడుకాయ ఈనె ఇంకా ఊడిరాలేదు.

"పెట్టవేం మరి?"

"అయిపోయింది అత్తయ్యా."

"ఆ గౌరమ్మా బిస్కెట్లూ బాగానే ఉంది కానీ, పాటేదీ?"

ప్రకటనలో పాపకి పట్టులంగా కట్టారులెండి. ఆ ఉత్సాహంలోనే లివర్‌పూల్ వాళ్లు కార్కస్ గురించి కూడా చెప్పాను. ఆ పేరుకి అర్థం జంతు కళేబరం. మొదటి ఆల్బమ్ అట్ట మీద పోస్టుమార్టం ఫొటోలు, పాటల నిండా వైద్య పుస్తకంలోని మాటలు. తీరా చూస్తే ఆ కుర్రాళ్లు శాకాహారులు. అత్తయ్య మొహం అప్పుడు వెలిగింది. "చూశావా, నీకు లేని బుద్ధి వాళ్లకుంది" అంది. నేను ఇరవై ఏళ్లుగా కూడబెట్టిన చీకటి మొత్తం చిక్కుడుకాయల బుట్టలో పడిపోయింది.

అందుకే నిరుడు ఒక నిర్ణయానికి వచ్చాను. ఆల్బమ్ చేసిన బ్యాండు నాకొద్దు. ఆల్బమ్ చేశారంటే ఎవరో ఒకరు విన్నట్టే. ఒకే ఒక్క చిన్న రికార్డు వేసి, 1981 ప్రాంతంలో విడిపోయి, తలా ఒక ఉద్యోగంలో చేరిపోయినవాళ్లు కావాలి. రెండు నెలలు రాత్రిళ్లు వెతికితే దొరికారు. ఉత్తర ఇంగ్లండ్ వాళ్లు. పేరు చెప్పను, చెబితే మీరు వింటారు. రికార్డింగులో డ్రమ్ములు పక్కింట్లోంచి వస్తున్నట్టుంటాయి. గాయకుడు పైస్థాయి అందుకోబోయి మధ్యలో విరమించుకుంటాడు. ఒకచోట గిటారిస్టు పొరపాటు చేసి, రెండోసారి అదే పొరపాటు కావాలని చేసినట్టు చేశాడు. మూడు నిమిషాల నలభై సెకన్లు. వాళ్లని నేను కనిపెట్టాను. వాళ్లకి తెలియకపోవచ్చు. వాస్కోడగామా కనిపెట్టినట్టు కాలికట్ వాళ్లకి మాత్రం తెలుసా?

రోజూ పొద్దున్న స్పీకరు పెట్టుకుని వినేవాణ్ణి. ఇంట్లో వాళ్లే కదా అని తలుపు వేసుకోలేదు. అదొక్కటే తప్పు.

మొన్న ఆదివారం ఆ వీడియో కింద తెలుగు లిపిలో ఒక వ్యాఖ్య కనిపించింది. "తెలుగువాళ్లు ఎవరైనా ఉంటే లైక్ వేసుకోండి." దానికి రెండు లైకులు. ఫోను పక్కన పెట్టి కాసేపు ఫ్యాను వైపు చూశాను. పూర్తిగా పేరు చూస్తే, వ్యాఖ్య రాసింది మా బాబాయి కొడుకు. వెంటనే ఫోన్ చేశాను.

"నీకెలా తెలిసిందిరా ఈ బ్యాండు?"

"పెద్దమ్మ చెప్పింది అన్నా. మొన్న మీ ఇంటికొచ్చినప్పుడు బియ్యం కడుగుతూ ఏదో పాడుకుంటోంది. బాగుందే, ఏ సినిమా అని అడిగా. మీ అన్న రోజూ పెడతాడురా అని చూపించింది."

"మరి రెండో లైకు?"

"అది మా అమ్మ."

వంటింట్లోకి వెళ్లాను. అమ్మ పోపు వేస్తూ, గిటారిస్టు పొరపాటు చేసే చోటు దగ్గర సరిగ్గా అదే పొరపాటుతో కూనిరాగం తీస్తోంది. నన్ను చూసి, "ఆ పిల్లలవి ఇంకో పాట ఏదైనా ఉందిట్రా?" అని అడిగింది.

లేదమ్మా, ఒక్కటే అని చెప్పాను. రికార్డుకి వెనకవైపు ఇంకొకటి ఉంది. దాన్ని మాత్రం ఇయర్‌ఫోన్స్‌లోనే వింటున్నాను.