గోంగూర గంపకు లైసెన్సు అడిగారు

మా అపార్టుమెంటు గేటుకు కొత్త బోర్డు తగిలించారు: "లైసెన్సు లేని అమ్మకందారులకు ప్రవేశం లేదు." మూడో అంతస్తులో ఎవరివో చెప్పులు పోయాయట. ఎత్తుకుపోయింది ఎవరో తేలలేదు గాని, శిక్ష మాత్రం గోంగూర మామ్మకు పడింది.

మేము ఇక్కడికి రాకముందు నుంచీ మామ్మ ఈ వీధిలో తిరుగుతోంది. ఉదయం ఏడింటికల్లా గంప దించి, చుట్టకుదురు తీసి భుజాన వేసుకుని ఒక్క కేక వేస్తుంది. నాలుగు కట్టలు కొంటే కొసరుగా రెండు రెబ్బల కరివేపాకు. మొన్న ఆదివారం వాచ్‌మన్ ఆమెను ఆపి లైసెన్సు అడిగాడు. పాపం, అతనికీ తప్పదు. మామ్మ బొడ్లో సంచి విప్పి ఒక చీటీ తీసింది. ఆశీలు చీటీ, అంటే వీధిలో అమ్ముకున్నందుకు రోజూ కట్టే రుసుముకు రసీదు. ఇరవై రూపాయలు, ఆ రోజు తేదీతోనే ఉంది. "డబ్బు కట్టాను గదా నాయనా, ఇంకేం కావాలి?" అంది. అప్పటికి బోణీ కూడా కాలేదు.

నిజమే కదా! గంప దించినందుకు రోజూ వసూలు చేయడం తెలిసిన ఊరికి, ఆమె చేసేది వ్యాపారమేనని ఒక కార్డు రాసివ్వడం చేతకాలేదు.

మా గ్రూపులో చట్టం, చట్టం అని అరుస్తున్నవాళ్ల కోసం ఆ చట్టంలో ఏముందో చెబుతాను. వీధి వ్యాపారుల చట్టం 2014 నాటిది. ఒకచోట కూర్చుని అమ్మేవాళ్లకే కాదు, వీధుల్లో తిరుగుతూ అమ్మేవాళ్లకూ అమ్ముకునే ధ్రువపత్రం ఇవ్వాలి. కనీసం ఐదేళ్లకోసారి సర్వే చేయాలి. సర్వే పూర్తయి అందరికీ పత్రాలు అందేదాకా ఎవరినీ ఖాళీ చేయించకూడదని 3వ సెక్షన్ చెబుతోంది. అంటే కార్డు ఇవ్వడం ముందు, అడగడం తర్వాత. అధికారులు సరుకు పట్టుకుపోయినా, పాడయ్యే సరుకైతే అడిగిన రోజే తిరిగి ఇచ్చేయాలి. ఈ మాట రాసినవారెవరో గాని చేతులెత్తి మొక్కాలి. మే నెలలో తోటకూర కట్ట మధ్యాహ్నానికి ఏమవుతుందో తెలిసిన మనిషి అయి ఉంటారు. ఇక పత్రం లేకుండా అమ్మితే 2,000 రూపాయల దాకా జరిమానా అని కూడా ఉంది. మావాళ్లకు కంఠతా వచ్చింది ఆ ఒక్క ముక్కే.

చట్టం వీధికి గాని మన గేటు లోపలికి కాదు అంటారా? ఒప్పుకుంటాను. మన స్థలం, మన ఇష్టం. అలాగైతే "గంపలవాళ్లను రానివ్వం" అని నేరుగా రాసుకోండి. ఊరు ఇవ్వని కాగితాన్ని అడ్డం పెట్టుకోవడం ఎందుకు?

భయాలు ఉత్తివని నేను అనను. నగలకు మెరుగు పెడతామని వచ్చి, గొలుసును యాసిడ్‌లో ముంచి బంగారం కరిగించుకుపోయే దొంగల గురించి నాకూ తెలుసు. అలాంటివాళ్లను అడగండి, నిలదీయండి. కాని ఆ ఆదివారం మధ్యాహ్నమే ఏం జరిగిందో వినండి.

నీళ్ల ఫిల్టర్లు అమ్మే ఇద్దరు కుర్రాళ్లు టై కట్టుకుని వచ్చి మా గంట కొట్టారు. "మీ నీళ్లు పరీక్ష చేస్తాం సార్, రెండే నిమిషాలు." మా కుళాయి నీళ్లలో కరెంటు కడ్డీలు పెట్టారు. గ్లాసు క్షణాల్లో మురికి కాలువలా మారింది. పక్కన వాళ్లు తెచ్చిన నీళ్లు తేటగానే ఉన్నాయి. మా ఆవిడ నిర్ఘాంతపోయింది. ఆ మడ్డి నీళ్లలోది కాదు, ఇనుప కడ్డీ వదిలిన తుప్పు. లవణాలు తీసేసిన నీళ్లలో కరెంటు సరిగా పారదు కాబట్టి అందులో రంగు రాదు, అంతే. దుకాణాలు లేకుండా ఏజెంట్లతో నేరుగా అమ్మించే డైరెక్ట్ సెల్లింగ్ కంపెనీల తరఫున తిరిగేవాళ్లు గుర్తింపు కార్డు లేకుండా, ముందుగా అనుమతి తీసుకోకుండా గడప తొక్కకూడదని 2021 డిసెంబరులో కేంద్రం నియమాలు తెచ్చింది. వీళ్లు ఆ కోవలోకి వస్తారో, జీతగాళ్లమని తప్పించుకుంటారో వేరే సంగతి. అసలు గేటు దగ్గర అడిగినవాడు ఎవడు? వాచ్‌మన్ లేచి నిలబడి లిఫ్టు చూపించాడట!

మామ్మ ఇప్పుడు ఎదురుగా వేపచెట్టు కింద గంప దించుతోంది. మేమే రోడ్డు దాటి వెళుతున్నాం. నిన్న నా వెనక నిలబడి చుక్కకూర బేరమాడింది, బోర్డు పెట్టించిన పెద్దమనిషి గారి శ్రీమతే.

ఆమె ఆధార్ నకలు తీసి పెట్టాను. ధ్రువపత్రానికి దరఖాస్తు మన వార్డులో ఎవరు తీసుకుంటారో తెలిసినవాళ్లు కింద రాయండి. మా సంఘం పెద్దలు ముందుగా రాస్తే మరీ సంతోషం.