ఇక్కడ చెత్త వేయరాదు

ఆ కొండకు మెట్లున్నాయి, పట్టుకోవడానికి రెయిలింగ్ ఉంది, ఆయాసం తీర్చుకోవడానికి బెంచీలున్నాయి. పైకెక్కితే ఊరంతా కనిపిస్తుంది. సరిగ్గా కొండ నెత్తిన, అందరూ ఫోటోలు దిగేచోట, ఒక ఆకుపచ్చ బోర్డు: 'ఇక్కడ చెత్త వేయరాదు.'

అయ్యా, వేయం. వేయాల్సిందంతా ఎప్పుడో వేసేశాం. లారీలకు లారీలు, ఏళ్ల తరబడి, మీరే దగ్గరుండి వేయించారు. ఈ కొండలో రాయి లేదు. తెగిన చెప్పులు, చిరిగిన పరుపులు, పాలిథిన్ సంచులు, ఇదీ దీని భూగర్భ శాస్త్రం. పైన బంకమట్టి, ఒక ప్లాస్టిక్ షీటు, మళ్లీ మట్టి, దానిమీద గడ్డి. మసి పూసి మారేడుకాయ చేయడం పాతకాలం పని. ఇప్పుడు మట్టి పూసి మారేడు కొండే చేస్తున్నారు.

గడ్డిలో అక్కడక్కడా గొట్టాలు లేచి ఉంటాయి. లోపల గాలి ఆడక కుళ్లుతున్న చెత్తలోంచి వచ్చే మీథేన్ బయటికి పోయే దారి అది. నేను చూస్తుండగానే ఒక కొత్త జంట గొట్టానికి చెరోవైపు ఆనుకుని సెల్ఫీ దిగింది. గాలి చాలా ఫ్రెష్‌గా ఉందట.

ఇంతలో ఒక పిల్లాడు బిస్కట్ తినేసి కాగితం కింద పడేశాడు. విజిల్! గార్డు పరుగెత్తుకొచ్చాడు. "సార్, బోర్డు చూడలేదా?" తండ్రి సిగ్గుపడిపోయి కాగితం తీశాడు. పైన డబ్బా లేదు. కాగితం తల్లి హ్యాండ్‌బ్యాగులోకి వెళ్లి, మెట్లన్నీ దిగి, గేటు దగ్గర డబ్బాలో పడింది. డబ్బాలోంచి లారీలోకి, లారీలోంచి ఊరవతల ఇంకో డంపింగ్ యార్డుకు. అంటే కొన్ని కోట్ల కాగితాల మీద పడ్డ ఒక్క కాగితాన్ని అక్కడినుంచి కాపాడి, బంధుమిత్ర సపరివారంగా ఇంకో కొండకు సాగనంపామన్నమాట. పిల్లాడికి పరిశుభ్రత అలవడింది.

పేర్లు పెట్టడంలో సియోల్ వాళ్ల తర్వాతే ఎవరైనా. హాన్ నది పక్కన పూలకు పేరుపడ్డ నంజీడో దీవిలో 1978 నుంచి 1993 దాకా నగరం చెత్తంతా పోశారు. రెండు గుట్టలు లేచాయి. ఫుట్‌బాల్ ప్రపంచ కప్ జరిగిన 2002లో వాటిని పార్కులుగా తెరిచి, ఒకదానికి ఆకాశం అని, రెండోదానికి సాయంసంధ్య అని అర్థమొచ్చే పేర్లు పెట్టారు. అమెరికాలో వర్జీనియా బీచ్ వాళ్లే నయం, తమ గుట్టను మౌంట్ ట్రాష్‌మోర్ అని చెత్త పేరుతోనే పిలుచుకుంటారు.

నంజీడో మూతపడ్డాక సియోల్ జనం చెత్త పోయడం మానేశారా? లారీలు పక్కనే ఉన్న ఇంచియోన్ నగరం వైపు తిరిగాయి, అంతే. ఆ 'ఆకాశం' కింద గుడిసెలు వేసుకుని, చెత్త ఏరుకుని పిల్లల్ని పెంచుకున్న మనుషులుండేవారు. ఏ ఊరి గుట్ట దగ్గరైనా ఇదే కథ. పొగ పీల్చింది వాళ్లు, వ్యూ పాయింటు మనకు! వాళ్లు ఏళ్లకేళ్లు కంపు కొడుతోందని మొత్తుకుంటే ఒక్కడూ ఆ గుట్ట ఎక్కలేదు. పూలమొక్కలు నాటగానే రిబ్బను కోయడానికి కత్తెర పట్టుకుని ఎగబడ్డారు. సిగ్గుండాలి! ఊరికి దూరంగా చెత్త పోశామంటారు. ఎవరికి దూరం? అక్కడున్న వాళ్ల గుమ్మానికి అది దగ్గరే కదా!

దిగేటప్పుడు గేటు దగ్గర డబ్బా ఖాళీ చేస్తున్నారు. లారీ ఎటు వెళ్తుందని గార్డును అడిగాను.

"అటు చూడ్డానికేం లేదు సార్, ఇంకా మెట్లు కట్టలేదు" అన్నాడు.