బిల్లు లోపల లోడు, లోడు లోపల తేమ: ఇంజిన్‌కు ఏది తెలుసు?

పోయిన పత్తి సీజన్ నుంచి ఒక సంగతి నా మనసులోంచి పోవడం లేదు. హనుమకొండలో ఉండి ఒక జిన్నింగ్ మిల్లు కొనుగోళ్లకు డ్రూల్స్‌లో రూల్స్ రాశాం. డ్రూల్స్ అంటే మనం రాసిచ్చిన షరతులు చూసి నిర్ణయం చెప్పే సాఫ్ట్‌వేర్, రూల్ ఇంజిన్ అంటారు. సీసీఐ (భారత పత్తి సంస్థ) పద్ధతే: తేమ 8 శాతం దాకా ఉంటే పూర్తి మద్దతు ధర, ఆపైన 12 దాకా పెరిగిన ప్రతి శాతానికీ ధరలో ఒక శాతం కోత, 12 దాటితే తిరస్కరణ. పొడవు పింజ పత్తికి 2025-26 మద్దతు ధర క్వింటాల్‌కు 8,110 రూపాయలు. అంటే ఒక్క శాతం ఎక్కువైనా 81 రూపాయలు పోయినట్టే.

ఒక రైతు పత్తికి పొద్దున 13 శాతం వచ్చింది. పాపం, అక్కడే పట్టా పరిచి ఆరబోసుకున్నాడు. మధ్యాహ్నం మళ్లీ మీటర్ పెడితే 11. స్క్రీన్ మీద కూడా 11 అనే ఉంది, కానీ దాని పక్కన తిరస్కరణ అలాగే ఉంది. "కంప్యూటర్ తీసుకుంటలేదు కాకా" అన్నాడట గుమాస్తా. ఆయన బండి తిప్పుకుని వెళ్లిపోయాడు.

తప్పు మాది. మేము ఇంజిన్‌కు అప్పజెప్పింది బిల్లు ఒక్కటే. రూల్‌లో మాత్రం బిల్లు, అందులో లోడు, అందులో తేమ పరీక్ష, దాని శాతం అని చుక్కలు పెట్టుకుంటూ లోపలికి వెళ్లాం. రాయడానికి ఎంత సుఖంగా ఉంటుందో! కానీ ఇలాంటి ఇంజిన్లకు మూలమైన రీటే పద్ధతి, 1970ల్లో చార్లెస్ ఫోర్గీ తయారుచేసింది, ప్రతిసారీ అన్ని షరతులనూ మొదటి నుంచి చూడదు. ఒకసారి చూసింది గుర్తుపెట్టుకుంటుంది, మారిందని చెబితేనే మళ్లీ చూస్తుంది. దాని వేగం అంతా అందులోనే ఉంది. లోపలి ఆబ్జెక్ట్‌లో 13ను 11 చేశాం, బిల్లు మారిందని ఇంజిన్‌కు చెప్పలేదు. లోపలి విలువలను మారనివిగా చూసుకోండని డ్రూల్స్ డాక్యుమెంటేషన్‌లోనే ఉంది. మేము చదవలేదు.

"బిల్లు మారిందని ఇంజిన్‌కు చెప్పే అప్‌డేట్ ఒకటి పిలిస్తే సరిపోతుంది కదా అన్నా" అన్నాడు మా టీమ్ తమ్ముడు. పనిచేస్తుంది, నిజమే. కానీ తేమ మార్చే చోటు కోడ్‌లో ఒకటే ఉండదు. ఒక్క చోట మరిచినా మళ్లీ ఇంకో రైతు బండి వెనక్కి పోతుంది. అందుకే నేను గట్టిగా చెబుతున్నాను: రూల్ దేన్ని చూసి నిర్ణయం తీసుకుంటుందో, దాన్ని విడిగా ఇంజిన్‌లో పెట్టండి. ఇప్పుడు మా దగ్గర తేమ పరీక్ష సొంతంగా ఒక ఫ్యాక్ట్, అంటే ఇంజిన్‌కు నేరుగా అప్పజెప్పిన సమాచారం, బిల్లు నంబర్‌తో ముడిపడి ఉంటుంది. మీటర్ రీడింగ్ మారితే దాన్నే మారుస్తాం, అదీ ఒకే ఫంక్షన్ నుంచి.

రూల్స్‌లో ఏది ముట్టుకున్నా ముందు ఒక టెస్ట్ నడుపుతున్నాం: 13 పెట్టి, తిరస్కరణ వచ్చాక 11కు మార్చడం. తిరస్కరణ పోయి, మూడు శాతం కోతతో ధర రావాలి. రాకపోతే ఆ కోడ్ మిల్లుకు వెళ్లదు.